ధ్రువీకరించగల ఇద్దరు

దరఖాస్తు చాలా బాగా రాసి ఉంది. గుమాస్తాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరైన ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. నిజం చెప్పేవాడు తడబడతాడు, తారీఖులు తప్పు చెబుతాడు, మధ్యలో ఆగి కళ్ళజోడు తుడుచుకుంటాడు. అబద్ధమే ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడుస్తుంది. ఇప్పుడు ఆయన ముందున్న ఆరు కాగితాల్లో ఒక్క కొట్టివేత లేదు.

పైన “సామాజిక న్యాయం కోసం పనిచేసే న్యాయ విద్యార్థులకు ఉపకారవేతనం” అని అచ్చు వేసి ఉంది. దాన్ని ఇచ్చే ట్రస్టుకు ఆయన పరిశీలకుడు. విద్యార్థి చేశానని రాసిన పని నిజంగా జరిగిందో లేదో వెళ్ళి చూసి, ఒక పేజీ నివేదిక ఇస్తే, దాన్ని బట్టి శనివారం కమిటీ కూర్చుని తేలుస్తుంది. ఈసారి చివరికి మిగిలినవాళ్ళు ముగ్గురు. ఇద్దరి సంగతి ఆయన చూసి వచ్చేశాడు. మూడోది ఈ అమ్మాయిది. లా కాలేజీలో చివరి ఏడాదికి రావలసిన పిల్ల.

ఒక పెద్ద లాండ్రీ గురించి రాసింది. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే చోటు. తువ్వాళ్ళు బయటికి పోతున్నాయన్న అనుమానంతో మధ్యాహ్నం పూట వెనక తలుపుకు బయటి నుంచి గొలుసు వేస్తారట. ఒకరోజు ఆవిరి గొట్టం పగిలి ఆడవాళ్ళందరూ ఆ తలుపు మీదికి పరిగెత్తారట. ఒకామె మణికట్టు విరిగింది. ఆ తర్వాత కార్మిక శాఖకు పేర్లు లేకుండా అర్జీ రాసింది తానేనంది. అధికారులు వచ్చి గొలుసు తీయించారు. నెల తిరక్కుండానే మళ్ళీ వేశారు. రెండో అర్జీ తయారు చేస్తున్నానంది.

ఐదో పేజీలో ఒక గడి ఉంది. “మీ పనిని ధ్రువీకరించగల ఇద్దరి పేర్లు, చిరునామాలు.” ఆ అమ్మాయి అందులో ఒక అడ్డగీత గీసి, కింద చిన్న అక్షరాలతో “ఇవ్వలేను, క్షమించండి” అని రాసింది.

“చూశావా?” అన్నాడు గుమాస్తా భార్యతో. “పేర్లు మాత్రం లేవుట. అక్కడికొచ్చేసరికి కలం ఆగిపోయింది.”

ఆమె కిటికీ దగ్గర కుట్టుమిషను మీద ఎవరిదో ప్యాంటు అంచు కుడుతోంది. పెదవుల మధ్య రెండు గుండుసూదులున్నాయి. వాటిని తీసి మెత్తకు గుచ్చి, “ఇవ్వలేనని చెప్పింది కదండీ, లేవని అన్లేదుగా” అంది.

“రెండూ ఒకటే.”

“మీకు అన్నీ ఒకటే. నిన్న పాలు పలచగా ఉన్నాయని ఆ పాలాయన్ని నిలబెట్టి అరగంట విచారించారు. తీరా చూస్తే నీళ్ళు కలిపింది నేను.”

ఆయన ఆ మాట విననట్టు దరఖాస్తు మొదటి పేజీకి వెళ్ళాడు. తల్లి వృత్తి: కూలి. ఏం కూలి? ఎక్కడ? పెన్సిలుతో పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

ఆ రోజే లా కాలేజీకి వెళ్ళాడు. ఆఫీసులో హాజరు పట్టీలు చూసే మనిషి ఆ అమ్మాయి పేరు వినగానే పెదవి విరిచాడు. “పొద్దున పూట ఉంటుంది సార్. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కనిపించదు. ఎక్కడికి పోతుందో ఏమో. లెక్చరర్లు రెండుసార్లు పిలిచి చెప్పారు. అడిగితే పనుంది అంటుంది, ఏం పనో చెప్పదు.”

“సమాజ సేవేమో” అన్నాడు గుమాస్తా.

ఇద్దరూ నవ్వుకున్నారు. గుమాస్తా ఆ హాజరు అంకెలు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి లాండ్రీకి వెళ్ళాడు. గేటు దగ్గర మెడలోని ట్రస్టు కార్డు చూపించగానే మేనేజరే స్వయంగా ఎదురొచ్చాడు. నలభై దాటని మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మాట మెత్తగా ఉంది. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. గుమాస్తా జాగ్రత్తపరుడు. దరఖాస్తును సంచిలోంచి బయటికి తీయలేదు, అమ్మాయి పేరు చెప్పలేదు. ఊరికే అడిగాడు.

“ఇక్కడి వెనక తలుపు గురించి ఆ మధ్య ఏదో అర్జీ వెళ్ళిందట?”

“వెళ్ళింది సార్. ఎవరో ఆకాశరామన్న రాశాడు. ఆఫీసరు వచ్చారు, చూశారు, వెళ్ళారు.”

“రాసింది లా చదివే అమ్మాయి అంటున్నారు. ఆ సంగతి నిజమో కాదో తెలుసుకుందామని.”

మేనేజరు టీ కప్పు సాసర్లో పెట్టాడు. చప్పుడు రాకుండా పెట్టాడు. “లా చదివే అమ్మాయి” అన్నాడు, రుచి చూస్తున్నట్టు. “మాకూ తెలుసుకోవాలనే ఉంది సార్. రండి, మా వాళ్ళనే అడుగుదురుగాని. దాచేదేముంది?”

లోపల వేడి ముఖానికి తడిగుడ్డలా అంటుకుంది. ఒక పక్క ఉతికే డ్రమ్ములు తిరుగుతున్నాయి. మధ్యలో పొడుగాటి ఇస్త్రీ రోలర్లు దుప్పట్లను ఒకవైపు నుంచి తిని రెండోవైపు వదులుతున్నాయి. చివర, గోడ పక్కన, ఆడవాళ్ళు జంటలు జంటలుగా నిలబడి మడతలు పెడుతున్నారు. చెరో అంచూ పట్టుకుని వెనక్కి నడిచి, దుప్పటిని లాగి విదిలించి, మళ్ళీ దగ్గరికొచ్చి అంచులు కలిపి, మళ్ళీ వెనక్కి. వాళ్ళలో పెద్దామెను అందరూ మడతల పిన్ని అంటున్నారు. అరవై పైబడిన మనిషి. పని ఆపకుండానే మాట్లాడింది. దూరంగా వెళ్ళినప్పుడు జవాబు, దగ్గరికొచ్చినప్పుడు మౌనం.

“లా చదివే అమ్మాయి ఎవరైనా మీ తరఫున అర్జీ రాసిందామ్మా?”

“మాకు ఏ అమ్మాయీ తెలీదయ్యా.”

మేనేజరు గుమాస్తా భుజం పక్కనే నిలబడి, చేతులు కట్టుకుని, ఇంకెవరినైనా అడగమన్నట్టు గడ్డం ఊపాడు. గుమాస్తా వరసగా తొమ్మిదిమందిని అడిగాడు. తొమ్మిదిమందీ ఆ మాటే చెప్పారు. రోలరు దగ్గరున్న ఒకామె దుప్పటి కొస యంత్రంలోకి అందిస్తూ తల అసలెత్తలేదు. ఆమె చేతులకు మోచేతి దాకా అడ్డంగా నల్లటి కాలిన చారలున్నాయి. “నాకు తెలీదు” అని మాత్రం అంది.

తర్వాత మేనేజరు వెనక తలుపు చూపించాడు. బార్లా తెరిచి ఉంది. బయట సన్నటి సందు, ఎండ, కాలవలో నురగ. గాలి లోపలికి వస్తోంది.

“ఇదే సార్ ఆ జైలు” అన్నాడు మేనేజరు నవ్వుతూ.

గుమాస్తా ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, నివేదిక మొదలుపెట్టాడు. “దరఖాస్తులో పేర్కొన్న స్థలాన్ని స్వయంగా సందర్శించితిని. సదరు తలుపు తెరిచియుండెను. కార్మికులెవ్వరూ దరఖాస్తుదారును ఎరుగరు. పేర్కొన్న పని కల్పితమని అనుమానించుటకు ఆస్కారమున్నది.” కోర్టు తెలుగు రాయడమంటే ఆయనకు ఇప్పటికీ సరదాయే. చదివి భార్యకు వినిపించాడు.

ఆమె మిషను తొక్కడం ఆపింది. “అడిగినప్పుడు ఆ మేనేజరు ఎక్కడున్నాడు?”

“నా పక్కనే. చాలా మర్యాదస్తుడు. మూడుసార్లు టీ తాగమన్నాడు.”

“మీ కోర్టులో సాక్షిని అడిగేటప్పుడు ముద్దాయి పక్కన నిలబడి టీ ఇచ్చేవాడా?”

“అది వేరు.”

“ఏం వేరండీ?”

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టాడు. “నీ పని నువ్వు చూసుకో” అన్నాడు. కానీ నివేదిక కింద సంతకం చేయలేదు. దరఖాస్తుదారును ఒకసారి ముఖాముఖి చూడాలన్నది నియమం, ఆ పని ఇంకా మిగిలే ఉంది.

బుధవారం పొద్దున ఆ ఇల్లు పట్టుకున్నాడు. మూడంతస్తుల పాత కట్టడం, మెట్ల పక్కన సైకిళ్ళు, రెండో అంతస్తులో చివరి గది. తలుపు తీసిన అమ్మాయి చేతిలో న్యాయశాస్త్రం పుస్తకం లేదు, చీపురుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. ఆయన కార్డు చూసి, తీసుకుని, వెనక్కి తిప్పి రెండోవైపు కూడా చదివింది.

“నిన్న లాండ్రీకి వెళ్ళింది మీరేనా?”

“నీకెవరు చెప్పారు?”

ఆమె పక్కకు జరిగింది. లోపల మంచం మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పనివేళ. ఆమె చేతులకు మోచేతుల దాకా అడ్డంగా కాలిన చారలు. నిన్న రోలరు దగ్గర తల ఎత్తనామె.

గుమాస్తా నిలబడిపోయాడు. “ఈవిడ...”

“మా అమ్మ” అంది అమ్మాయి. “అక్కడ రెండొందలమంది పనిచేస్తారు. కూతుర్ని లా చదివిస్తున్నది ఒక్కరే. మీరు గేటు దాటేసరికి అమ్మను ఆఫీసులోకి పిలిచారు. ఇక రావద్దన్నారు.”

“నేను పేరు చెప్పలేదే.”

“చెప్పక్కర్లేదు సార్.”

ఆయన ఆ గదిని చూశాడు. అలవాటు ప్రకారమే చూశాడు, ఏదైనా అతకనిది కనిపిస్తుందేమోనని. ఒక బల్ల, దాని మీద చట్టాల పుస్తకాలకు పాత దుప్పటి గుడ్డతో వేసిన అట్టలు. గోడకు కాలేజీ టైంటేబుల్, మధ్యాహ్నం గళ్ళన్నీ పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి. తల్లి నిజంగానే పని పోగొట్టుకుందా? లేక తను వస్తాడని తెలిసి ఇవాళ ఇంట్లో కూర్చుందా? ఉపకారవేతనం కోసం మనుషులు ఎంతకైనా తెగిస్తారు. ఒకడు బతికున్న తండ్రికి మరణపత్రం తెచ్చిన సంగతి ఆయన కళ్ళారా చూశాడు.

“ఇదిగోండి” అంది అమ్మాయి. బల్ల మీంచి ఒక కవరు తీసి ఇచ్చింది. “దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. కార్యదర్శిగారికి ఇవ్వండి. అందులోని నా వ్యాసం నాకు తిరిగివ్వాలి. కాపీలు ఉంటే అవి కూడా.”

దొరికిపోయినవాళ్ళే వెనక్కి తగ్గుతారు. గుమాస్తా మనసు ఆ మాట పట్టుకోబోయింది. “ఎందుకు? నిజమైతే నిలబడొచ్చుగా?”

“నేను నిలబడగలను. పడేది వేరేవాళ్ళు.”

అప్పటిదాకా మాట్లాడని తల్లి గొంతు సవరించుకుంది. “మీకు తలుపు ఎన్నింటికి చూపించారు?”

“పదకొండింటికి.”

“మీరు పెద్దవారు. పెళ్ళిచూపులకు వెళ్తే ఇల్లు అలాగే కనిపిస్తుందని తెలీదా? రెండింటికి వెళ్ళండి. ముందు వైపు కాదు, వెనక సందులోకి.”

“వద్దమ్మా” అంది కూతురు వెంటనే. “ఈయన ఇంకోసారి వెళ్తే ఇంకొకళ్ళ పని పోతుంది.”

ఆయన మెట్లు దిగాడు. రెండో మలుపు దగ్గర సైకిలు తగిలి మోకాలు గీరుకుంది. కూర్చోవలసి వచ్చింది. అలా కూర్చుని పంట్లాం దులుపుకుంటూ ఉండగా ఒక సంగతి మెల్లగా లోపలికి దిగింది. నిన్న తొమ్మిదిమందిని అడిగాడు. తొమ్మిదిమందిలో ఒక్కరైనా “ఏ అమ్మాయండీ?” అని అడగలేదు. తెలియని మనిషి గురించి ఎవరినైనా అడిగి చూడండి. ఎవరు, ఎలా ఉంటుంది, ఏం చేసింది అని ఎదురు అడుగుతారు. ముప్ఫై ఏళ్ళు సాక్షుల నోళ్ళు చూస్తూ బతికినవాడు. ఒకేలా చెప్పిన తొమ్మిది వాంగ్మూలాలు వింటే ఆయన కోర్టులో కలం కింద పెట్టి న్యాయమూర్తి వంక చూసేవాడు. నిన్న మాత్రం చకచకా రాసుకున్నాడు. రాసుకోవడం హాయిగా ఉంది కాబట్టి.

అయినా పూర్తిగా నమ్మలేదు. నమ్మకం ఆయనకు ఒక్కసారిగా రాదు.

గురువారం ఒంటిగంటన్నరకు వెనక సందులోకి వెళ్ళాడు. కాలవలో వేడినీళ్ళు పారుతున్నాయి, సబ్బు వాసన. ఎదురుగోడకు ఒక పాత చెక్కబండి ఆనించి ఉంటే దాని నీడలో నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది. రెండుకు ఐదు నిమిషాలుండగా భోజనాలు ముగించి ఆడవాళ్ళు లోపలికి వెళ్ళారు. సరిగ్గా రెండింటికి, ముందు గేటు వైపు నుంచి సూపర్‌వైజరు వచ్చాడు. తలుపు మూశాడు. భుజం మీంచి గొలుసు దించి రెండు కొక్కేల్లోంచి దూర్చి, తాళం వేసి, ఒకసారి లాగి చూసి, పళ్ళ మధ్య ఇరుక్కున్నదేదో నాలుకతో తీసుకుంటూ వెళ్ళిపోయాడు. రోజూ చేసే పని చేసినట్టు చేశాడు. అందులో కోపం లేదు, దాపరికం కూడా లేదు.

గుమాస్తా తలుపు దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. రేకు కాలుతోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు పక్కన, భుజం ఎత్తులో, చేతిమందం కన్నం ఉంది, అందులోంచి ఆవిరి సన్నగా వస్తోంది. ఆ వెనక ఏదో కదిలింది.

“మళ్ళీ వచ్చావా నాయనా?” అంది మడతల పిన్ని గొంతు.

“మొన్న ఎందుకమ్మా అబద్ధం చెప్పారు?”

“నువ్వు వాడి పక్కన నిలబడి అడిగావు.”

“నేను ఆ పిల్లకు మేలు చెయ్యడానికే వచ్చాను.”

“నీ ముఖం మీద రాసుందా ఏంటి? మేము ఆ పిల్లకు ఒక్కటే మాటిచ్చాం. ఎవరొచ్చినా, ఏ కార్డు చూపించినా, నిన్నెరగం అంటామని. అది చదువుకోవాలి, బయటపడాలి. మాకు చేతనైంది అదొక్కటే.” లోపల ఎవరో పిలిచారు. “జరుగు. నీ నీడ పడుతోంది, వాడు చూస్తాడు” అంది, కన్నం అవతల చీకటైంది.

ఆయన సందు చివరిదాకా నడిచి, అక్కడ ఆగి, చిన్న పుస్తకం తీశాడు. తేదీ రాశాడు. సమయం రాశాడు. నిలబడి రాస్తుంటే అక్షరాలు పక్కకు పోయాయి. ఒకటి కొట్టేసి మళ్ళీ రాశాడు.

ట్రస్టు ఆఫీసు ఒక పుస్తకాల బైండింగు దుకాణం పైన ఉంది. కార్యదర్శి డెబ్భై ఏళ్ళ న్యాయవాది, వినికిడి తగ్గినా ఎదుటివాళ్ళ పెదవులు చదవగల మనిషి. గుమాస్తా చెప్పిందంతా ఆమె అడ్డం రాకుండా వింది. ఆయన మొదటి నివేదికను చించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

“అది ఫైల్లో ఉండనివ్వండి. మీరు ఏమనుకున్నారో కూడా తెలియాలి కదా. సరే, ధ్రువీకరించేవాళ్ళెవరు?”

“పేర్లు అడిగితే ఆ పనే చెడుతుందమ్మా. ఇన్నాళ్ళూ మనం పేర్లు బాగా ఇచ్చినవాళ్ళకే వేతనం ఇచ్చామేమో. ఒక పేరు మాత్రం నేను ఇవ్వగలను. నాది.”

“పరిశీలకుడు సాక్షి కాలేడు. మీకు నేను చెప్పాలా?”

“అక్కర్లేదు” అన్నాడు గుమాస్తా. మెడలోంచి కార్డు తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆ కార్డు వచ్చాక వీధిలో ఆయన నడకే మారిందని భార్య ఏడిపిస్తుండేది. “ఇంకెవరినైనా చూసుకోండి. ఈసారి వెళ్ళేవాళ్ళకు చెప్పండి, యజమాని ఇచ్చిన కుర్చీలో కూర్చోవద్దని.”

కార్యదర్శి కార్డు వంక చూసింది, ఆయన వంక చూసింది. “ఆ అమ్మాయి వెనక్కి తీసుకున్నాక నేను చేయగలిగిందేం లేదు. శనివారం పదింటిలోగా ఆమే మళ్ళీ రాయాలి. మీరు బతిమాలకండి. బతిమాలితే అదింకో రకం ఒత్తిడి.”

శుక్రవారం ఆయన మళ్ళీ ఆ రెండో అంతస్తు ఎక్కాడు. తల్లి ఇంట్లో లేదు, ఇంకో చోట పని అడగడానికి వెళ్ళింది. అమ్మాయి తలుపు సగమే తీసింది.

“మేనేజరు పంపాడా?”

“లేదమ్మా. నిన్న రెండింటికి నేను చూశాను. గొలుసు వేస్తుంటే చూశాను. సాక్ష్యం ఇస్తాను.”

“మీ కార్డు ఏదీ?”

“ఇచ్చేశాను.”

ఆమె కార్డు లేని ఆయన మెడ వంక చూసింది. తర్వాత, తలుపు బార్లా తెరిచే ఉంచి, బల్ల దగ్గర కుర్చీ చూపించి తను మంచం అంచున కూర్చుంది. ఒక నోటుపుస్తకం తెరిచింది. వరసగా తేదీలు, వాటి పక్కన గొలుసు వేసిన సమయం, తీసిన సమయం. నలభై రోజులవి. మధ్యాహ్నాలు ఆమె ఎక్కడికి పోయేదో అప్పుడు తెలిసింది ఆయనకు.

“ఇది చెల్లదన్నారు” అంది. “నేను కూతుర్ని కదా. పేర్లు లేని అర్జీ రెండోసారి తీసుకోవడం కుదరదన్నారు. ఏ సంబంధం లేని బయటి మనిషి చూసి, సంతకం పెట్టి చెప్పాలన్నారు. మూడు నెలలుగా అలాంటి మనిషి కోసమే చూస్తున్నాను. చెప్పండి. సందులోకి ఎన్నింటికి వెళ్ళారు?”

“ఒకటిన్నరకు.”

“వాచీ చూశారా?”

“చూశాను.”

“తలుపుకు ఎంత దూరంలో ఉన్నారు?”

“పదడుగులు. పన్నెండు ఉండొచ్చు.”

“ఎంతో సరిగ్గా చెప్పండి. వాళ్ళ వకీలు వెళ్ళి కొలుస్తాడు.”

ఆయన కళ్ళు మూసుకుని బండి నుంచి తలుపుదాకా మనసులో నడిచాడు. “ఐదంగలు” అన్నాడు. ఆమె రాసుకుంది. గొలుసు ఎలా ఉంది, తాళం ఏ రంగు, వేసినవాడు ఏ చేత్తో వేశాడు, లోపల మనుషులున్నారని ఎలా తెలుసు, ఒక్కొక్కటే అడిగింది. మడతల పిన్ని మాట వచ్చినప్పుడు మాత్రం కలం ఎత్తేసి “అది వద్దు. గొంతు విన్నారు, ఎవరిదో తెలీదు” అంది. “ఆవిరి గొట్టం మళ్ళీ పగిలితే అందరూ చనిపోతారు” అని ఆయన చెప్పబోతే, “అది మీరు చూశారా?” అని అడిగి రాయలేదు. ముప్ఫై ఏళ్ళలో ఇంత శుభ్రంగా వాంగ్మూలం తీసుకున్న వకీళ్ళను ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టగలడు.

చదివి వినిపించింది. ఆయన సంతకం కోసం చెయ్యి చాపాడు. ఆమె కాగితం ఇవ్వలేదు.

“మంగళవారం సంగతి ఇందులో లేదు.”

“మంగళవారం తలుపు తెరిచి ఉందిగా. అది మన కేసుకు...”

“తలుపు సంగతి కాదు. అమ్మను ఎందుకు తీసేశారో వాళ్ళు ఏదో కారణం చెబుతారు. పని సరిగా చెయ్యదంటారు. లా చదివే అమ్మాయి అన్న మాట మేనేజరుకు ఎవరు చెప్పారో రాస్తేగాని అసలు కారణం తేలదు.”

గుమాస్తా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద వీధిలో ఎవరో తివాచీ దులుపుతున్నారు. తప్పు చేశానని ఆయనకు బుధవారం నుంచీ తెలుసు. భార్యతో చెప్పాడు, కార్యదర్శికి కూడా చెప్పాడు. సంతకం పెట్టే కాగితం మీద మాత్రం అది రాకుండా ఎలా దాటించాడో ఆయనకే తెలియలేదు.

“రాయమ్మా” అన్నాడు. వెంటనే మాట మార్చుకున్నాడు. “వద్దు. ఇటివ్వండి, నేను రాస్తాను.”

ఆమె కాగితం ఆయన వైపు జరిపింది. ఆయన కోర్టు తెలుగులో కాకుండా, మామూలుగా రాశాడు. “మంగళవారం పదకొండు గంటలకు, అర్జీ రాసింది లా చదివే అమ్మాయి అని మేనేజరుతో నేనే చెప్పాను. ఆ రోజే ఆ అమ్మాయి తల్లిని పనిలోంచి తీసేశారు.” సంతకం పెట్టాడు.

ఆమె సిరా ఆరేదాకా ఆగి, మడిచి, పుస్తకంలో పెట్టుకుంది. కృతజ్ఞతలు చెప్పలేదు. ఆయన లేచి గుమ్మందాకా వెళ్ళాక వెనక నుంచి అడిగింది.

“కమిటీ రేపేగా. మళ్ళీ రాసిస్తే తీసుకుంటారా వాళ్ళు?”

“పదింటిలోగా ఇస్తే తీసుకుంటారు” అన్నాడు. బతిమాలలేదు.

శనివారం సాయంత్రం కార్యదర్శి ఫోను చేసింది. “ఇద్దరం ఔనన్నాం, ఒకరు కాదన్నారు. పేర్లు లేని సేవ సేవేనా అని ఆయన ఇంకా గొడవ పెడుతూనే ఉన్నారు. అమ్మాయికి ఉత్తరం వెళ్ళింది. చివరి ఏడాది ఫీజు, పుస్తకాలు మనవే.” భార్య మిషను మీంచే విని, “ఇక మధ్యాహ్నం క్లాసులకు వెళ్ళమనండి ఆ పిల్లని” అంది.

సోమవారం రెండుంపావుకు కార్మిక శాఖ అధికారిణి ఇద్దరు సిబ్బందితో వెనక సందులోకి వచ్చింది. గుమాస్తా అప్పటికే అక్కడున్నాడు. అధికారిణి ముందుగా గొలుసును ఫోటో తీయించింది, తర్వాత తాళం తీయించింది. తలుపు తెరుచుకోగానే ఆవిరి ఒక్కసారిగా బయటపడింది. వెనకే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ గోడ వెంట నిలబడ్డారు. మేనేజరు ముందు వైపు నుంచి పరుగున వచ్చాడు. మడిచిన చొక్కా చేతులు దించుకుంటూ వచ్చాడు.

“ఎవరో కావాలని చేస్తున్నారు మేడం. ఇవాళ పొరపాటున...”

“స్టేట్‌మెంటు ఇచ్చినదెవరు?” అని అధికారిణి చుట్టూ చూసింది.

మేనేజరు చూపు ఆడవాళ్ళ మీదికి పోయింది, ఒక్కొక్క ముఖం మీద ఆగుతూ కదిలింది. వాళ్ళు నేల చూస్తున్నారు.

“నేను” అన్నాడు గుమాస్తా, చెక్కబండి పక్క నుంచి.

“మీరా సార్?” మేనేజరు గొంతు ఇంకా మెత్తగానే ఉంది. “మీరు ట్రస్టు మనిషి కదా? ఎవరో చెప్పిన మాటలు విని...”

“ట్రస్టు మనిషిని కాను. ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను.” ఆయన అధికారిణి వైపు తిరిగి తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి గట్టిగా చెప్పాడు. రాసుకుంటున్న సిబ్బందిలో ఒకామె ఇంటి నంబరు మళ్ళీ అడిగితే ఇంకా గట్టిగా చెప్పాడు. మేనేజరు జేబులోంచి ఫోను తీసి ఏదో నొక్కుకున్నాడు.

అమ్మాయి తల్లిని వారంలోగా తిరిగి పనిలోకి తీసుకోవాలని, లేదా కారణం రాతలో చెప్పాలని అధికారిణి అక్కడే కాగితం ఇచ్చింది. గొలుసును సంచిలో వేసి సీలు చేయించింది. లోపల రోలరు మీద దుప్పట్లు మాడుతున్న వాసన వస్తే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి కదిలారు. మడతల పిన్ని మాత్రం చెంగుతో మెడ తుడుచుకునే నెపంతో గుమాస్తా పక్కన ఆగింది.

“అడ్రసు అంత గట్టిగా చెప్పావేంటి నాయనా? వాడు రాసుకున్నాడు, చూశావా?”

“చూశాను.”

“భయం లేదూ?”

ఎప్పుడూ అడిగే వైపు కూర్చున్న మనిషి. ఇంట్లో ఒంటరిగా మిషను దగ్గర కూర్చున్న భార్య, వీధివైపున్న ఆ కిటికీ గుర్తొచ్చాయి ఆయనకు.

“ఉందమ్మా” అన్నాడు.

ఆమె ఆయన ముఖం కేసి తేరిపార చూసింది. నిజమే చెబుతున్నాడని తేల్చుకున్నట్టు తల ఊపి, లోపలికి వెళ్ళి దుప్పటి కొస అందుకుంది.